పార్కిన్సన్స్ వ్యాధి: ఒక విషం చూపిన దారి

1982 జూలైలో కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరంలో 42 ఏళ్ళ రోగి ఒకరిని ఆసుపత్రికి తీసుకువచ్చారు. మాట లేదు, కదలిక లేదు. మొదట దానిని మానసిక వ్యాధిగా భావించారు. వేళ్ళు కొద్దిగా కదులుతున్నట్టు గమనించి పెన్సిలు అందించగా, అతి కష్టం మీద అతను రాసిన మాటలు బుద్ధి చెక్కుచెదరలేదని తెలిపాయి. కొద్ది కాలంలోనే అటువంటివారు మొత్తం ఆరుగురు బయటపడ్డారు. న్యూరాలజిస్టు విలియం లాంగ్‌స్టన్ వారిలో చూసినవి పార్కిన్సన్స్ వ్యాధి లక్షణాలు. ఎల్-డోపా ఇవ్వగానే వారిలో కదలిక తిరిగి వచ్చింది. సాధారణంగా వృద్ధాప్యంలో, ఏళ్ళ తరబడి ముదిరే వ్యాధి వీరిలో కొద్ది రోజుల్లోనే పూర్తి రూపం దాల్చింది.

ఆరుగురూ దొంగచాటుగా తయారైన కృత్రిమ హెరాయిన్ వాడినవారే. అందులో ఎమ్‌పీటీపీ అనే కల్తీ పదార్థం ఉంది. 1976లో మేరీలాండ్ రాష్ట్రానికి చెందిన ఒక రసాయనశాస్త్ర విద్యార్థి తానే చేసుకున్న మత్తుమందు వల్ల ఇలాగే బిగుసుకుపోయిన వైనం 1979లో ప్రచురితమైనా, దానిని పట్టించుకున్నవారు తక్కువ. లాంగ్‌స్టన్ బృందం 1983లో సైన్స్ పత్రికలో తమ పరిశీలనలు ప్రకటించాక పరిశోధకుల దృష్టి ఈ పదార్థంపై పడింది.

ఎమ్‌పీటీపీ మెదడులోకి సులువుగా ప్రవేశిస్తుంది. అక్కడి గ్లియా కణాలు దానిని ఎమ్‌పీపీ ప్లస్ అనే విషంగా మారుస్తాయి. డోపమీన్ కణాలు ఈ విషాన్ని డోపమీన్ అనుకొని లోపలికి చేర్చుకుంటాయి. లోపలికి చేరిన విషం మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ 1 అనే ఎంజైమును అడ్డుకుంటుందని 1985లో తేలింది. దానితో కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీ కుంటుపడుతుంది. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని వేరుగా కనుగొన్నారు.

మరి ఎమ్‌పీటీపీ ఎన్నడూ ఎరుగని సామాన్య రోగుల మాటేమిటి? 1989లో లండన్‌లో ఆంథొనీ షపీరా బృందం అటువంటి రోగుల మెదళ్ళను మరణానంతరం పరీక్షించి, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని భాగంలో కాంప్లెక్స్ 1 పనితీరు తగ్గి ఉందని చూపింది. ఆ తరువాత జన్యుపరిశోధన కూడా ఇక్కడికే వచ్చి చేరింది. వంశపారంపర్యంగా చిన్న వయసులో వచ్చే పార్కిన్సన్స్‌కు కారణమయ్యే పార్కిన్ జన్యువు 1998లోనూ, పింక్1 జన్యువు 2004లోనూ బయటపడ్డాయి. పాడైన మైటోకాండ్రియాను గుర్తించి తొలగించడం ఈ రెండింటి పని.

ఈ కణాలే ఎందుకు ముందు దెబ్బతింటాయన్నదానికి వాటి ఆకృతిలో కొంత సమాధానం ఉంది. ఒక్కొక్క కణం నుంచి బయలుదేరే తంతువు స్ట్రయాటమ్ అనే భాగంలో విపరీతంగా కొమ్మలు చీలి, లక్షల సినాప్సులకు డోపమీన్ అందిస్తుంది. కణదేహానికి దూరంగా ఉన్న ఆ చివరలన్నింటికీ మైటోకాండ్రియా చేరాలి, పాతబడినవి తొలగిపోవాలి. శక్తి కొరవడితే ముందు ఎండేవి ఈ కొనకొమ్మలే. చేయి వణకడం మొదలయ్యేనాటికి స్ట్రయాటమ్‌లోని చివరలకు కలిగిన నష్టం, నైగ్రాలో కణాలకు కలిగిన నష్టాన్ని మించి ఉంటుంది.

కారణం తెలిసింది కనుక మందు దొరుకుతుందని ఆశించారు. సుబ్బారావు, ఫిస్కే 1927లో వెలుగులోకి తెచ్చిన ఫాస్ఫోక్రియాటిన్ కణంలో శక్తికి నిల్వ వంటిది. ఆ నిల్వను పెంచే ఉద్దేశంతో అమెరికా, కెనడాలలో 1,741 మంది రోగులపై క్రియాటిన్‌ను పరీక్షించారు. ప్రయోజనం కనిపించక 2013లో ఆ ప్రయోగాన్ని ఆపివేశారు. కోఎంజైమ్ క్యూ10తో 600 మందిపై జరిగిన ప్రయోగమూ అంతకుముందే, 2011లో, అలాగే ముగిసింది.

ఈ వైఫల్యాలకు కారణాలు ఒకటికన్నా ఎక్కువే ఉండవచ్చు. మందు సరైన చోటికి తగినంత చేరకపోయి ఉండవచ్చు. మైటోకాండ్రియా లోపం కొందరి వ్యాధికే మూలమై ఉండవచ్చు. కానీ ఆ రోగులందరూ వ్యాధి నిర్ధారణ అయ్యాకే ప్రయోగంలో చేరారన్నది మరువరానిది. అప్పటికే ఎన్నో సినాప్సులు రాలిపోయాయి. వణుకు కనిపించక ముందే వ్యాధిని పసిగట్టే పరీక్షల కోసం నేడు ఇంత కృషి జరుగుతున్నది అందుకే. శాన్ హోసే రోగులలో కొద్ది రోజుల్లో ముగిసిన విధ్వంసం సామాన్య రోగిలో ఏళ్ళ తరబడి సాగుతుంది. వైద్యానికి మిగిలిన అవకాశం ఆ ఏళ్ళలోనే ఉంది.