పొగను బట్టి పొయ్యి

కొండమీది పొగను చూసి నిప్పును ఊహించడాన్ని తర్కశాస్త్రం అనుమానమంటుంది. తెలుగులో ఆ మాటకు సందేహమని అర్థం. లాస్ ఏంజిలిస్ పొగ కథలో రెండర్థాలూ ఉన్నాయి.

1943 జూలైలో పట్టపగలే నగరాన్ని కమ్మిన పొగ జనం కళ్ళు మండించింది. కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు చేసే కర్మాగారాన్ని అనుమానించి కొన్నాళ్ళు మూయించారు. పొగ పోలేదు. హేత్వాభాసమన్నమాట! 1957లో పెరటి చెత్తపొయ్యిలను నిషేధించారు. తరువాత వాహనాల వంతు. చివరకు దృష్టి హోటళ్ళలో మాంసం కాల్చే పొయ్యిలపై పడింది.

కొవ్వు కరిగి నిప్పుమీద బొట్లుబొట్లుగా రాలి, అతిసూక్ష్మమైన జిడ్డుకణాలై పైకి లేస్తుంది. ఘుమఘుమ అని మనం మెచ్చుకునే పొగలో ఉండేది అదే.

1997 నవంబరులో ఆ ప్రాంతపు వాయునియంత్రణ సంస్థ 1138వ నిబంధన చేసింది. మాంసం గొలుసుమీద కదులుతూ కాలే యంత్రాలకు, వారానికి 875 పౌన్లు (సుమారు 397 కిలోలు), ఆపైన వండేచోట, ఉత్ప్రేరక పరికరం తప్పనిసరి అయింది. పొగ వేడి తగ్గకముందే దానిగుండా సాగుతుంది గనుక జిడ్డు అక్కడే దగ్ధమవుతుంది.

అయితే అడుగున మంట, పైన ఇనుపచట్రం ఉండే మామూలు పొయ్యిని ఆ నిబంధన వదిలేసింది. నిజానికి ఎక్కువ పొగ దానిదే. ఆ పొగ చుట్టూ ఉన్న గాలితో కలిసి చల్లబడుతుంది. ఉత్ప్రేరకానికి వేడి చాలదు. వడపోత యంత్రాలు పెట్టాలంటే ఖర్చెక్కువ, పైగా తరచు కడగాలి. చేతికి చిక్కినవాణ్ణి పట్టుకుని అసలువాణ్ణి విడిచినట్లే నాకు తోచింది.

2016 మేలో అమలైన న్యూయార్కు నియమం, అదే 875 పౌన్ల హద్దుతో, కొత్తగా పెట్టే రెండు రకాల పొయ్యిలకూ వర్తించింది. అప్పటికే ఉన్న మామూలు పొయ్యిల జోలికి అదీ పోలేదు.