మోకు పట్టు, ముడి పట్టు

పోయిన మీటింగులో ఒక తమ్ముడు అడిగిండు: "మంజీర అవతల మనోళ్లకు కొత్త తాళ్లు ఇస్తున్నరు కదా అన్నా, ఇగ మోకు పని అయిపోయినట్టేనా?" అక్కడ సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

బిలోలి, బోధన్ రెండూ ఒకప్పుడు నిజాం రాజ్యంలోవే. 1956 నవంబరు 1న రాష్ట్రాలను విడదీసినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ అటువైపు పోయాయి. 1960 మే 1 నుంచి మనం మహారాష్ట్ర. మధ్యలో హద్దు పడ్డది గానీ చుట్టరికాలు తెగలేదు, మోకు మారలేదు.

ఇంతకీ మోకు ఎట్ల పనిచేస్తుంది? చెట్టు చుట్టూ, నడుము చుట్టూ తాడు. గీత కార్మికుడు వెనక్కి వాలితే తాడు బిగుసుకుని చెట్టును పట్టుకుంటుంది. ముందుకు వంగితే వదులవుతుంది, అప్పుడు పైకి ఎగరేస్తాడు. కాళ్లకు గుజి, నడుముకు ముత్తాదు, అందులో గీత కత్తులు. కానీ దీంట్లో ఒక లోపం ఉంది. మోకు పట్టు కాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. మా చిన్నాయన తాటిచెట్టు మీద నుంచి పడ్డనాడు మోకు తెగలేదు. కాలు జారింది. మోకు కూడా ఆయనతో పాటే చెట్టు వెంట కిందికి జారి వచ్చింది. బతికిండు గానీ మళ్లీ చెట్టెక్కలేదు.

సరిగ్గా ఈ లోపానికే మందు దూరదేశంలో కొండలెక్కేవాళ్ల దగ్గర దొరికింది. 1931లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ ఒక ముడి గురించి రాశాడు. పెద్ద తాడు చుట్టూ సన్నతాడును చుట్టి వేసే ముడి అది. చేత్తో తోస్తే జరుగుతుంది, బరువు పడితే కరిచి పట్టుకుంటుంది. తర్వాత చెట్లు నరికేవాళ్లు, కొమ్మలు కొట్టేవాళ్లు కూడా దీన్ని తీసుకున్నారు. 1994లో అమెరికాలో జేసన్ బ్లేక్ ఇదే జాతి ముడి ఒకటి వాళ్లకు పరిచయం చేశాడు. ఈ ముళ్లలో పట్టు కాళ్లది కాదు, బరువుది. కాలు జారితేనే ముడి ఇంకా బిగుస్తుంది.

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఆ రాష్ట్ర పథకం. మన పిల్లలు కొందరు బజారులో తాళ్లు కొని సొంతంగా ముళ్లు నేర్చుకుంటున్నారు. నా భయం అక్కడే.

చుట్టే తాడు పెద్ద తాడు కంటే సన్నగా ఉండాలి. పెద్దది 12 మిల్లీమీటర్లయితే ఇది 8 నుంచి 10. రెండూ ఒకే మందమైతే ముడి సరిగా కరవదు. మరీ సన్నదైతే కరిచి వదలదు. మోటబావి తాడు, లారీ తాడు, పశువుల పలుపు పనికిరావు. చవక ప్లాస్టిక్ తాడు (పాలీప్రొపిలీన్) దాదాపు 160 డిగ్రీలకే కరుగుతుంది, ఎండకు పెళుసవుతుంది. తొందరగా దిగితే రాపిడి వేడి చాలు. పాలిస్టర్ 250 డిగ్రీలు దాటాక గానీ కరగదు. వేడికి ఇంకా గట్టిది అరామిడ్ పోగు.

మా తాత రోజూ పొద్దున మోకును వేళ్లతో మొదటి నుంచి చివరి దాకా తడిమేవాడు. "కన్ను మోసం చేస్తది, వేలు చెయ్యదు" అనేవాడు. ఆ పనే ఇప్పుడూ చేయాలి. తాడు ఒకచోట మెరుస్తూ గట్టిపడితే అది కరిగినట్టు. ఒకచోట మెత్తగా, బోలుగా తగిలితే లోపలి పోగు పోయినట్టు. కత్తి అంచు తగిలి పోగులు తెగితే ఇక ఆలోచించొద్దు, పక్కన పడేయండి. మురికైతే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. బండి బ్యాటరీ దగ్గర పెట్టొద్దు. ముడి కొత్తగా వేసిన ప్రతిసారీ నేల మీదే ఒళ్లు బరువంతా వేసి చూడండి. ముడి ముందు సరిగా నేర్చినవాళ్ల దగ్గర నేర్చుకోండి, ఫోన్లో చూసి కాదు.

తమ్ముడూ, మోకు పని అయిపోలేదు. చెట్టెక్కడం నేర్పింది అదే. కానీ పడేటోన్ని ఆపేది ఇంకో తాడు. రెండూ ఉండాలి. తాడు పాతబడితే కొనేందుకు ఇంట్లో పైసలు లేకుంటే సంఘంలో చెప్పండి, సిగ్గుపడకండి. మీ ఇండ్లల్లో తాతల మోకులు ఉంటే ఫొటోలు పెట్టండి, చూసుకుందాం. వాటితో మాత్రం చెట్టెక్కకండి.