నాడికి విద్యుత్తు, కణానికి వెలుగు

చర్మానికి అతికించిన ఎలక్ట్రోడ్ల గుండా సన్నని విద్యుత్ స్పందనలను పంపే యంత్రమూ, ఎర్రని కాంతినో కంటికి ఆనని పరారుణ కాంతినో వెదజల్లే లేజరూ ఫిజియోథెరపీ గదుల్లో తరచు పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ నొప్పి తగ్గించే పనే అప్పగించడం వల్ల అవి ఒకే కోవకు చెందిన చికిత్సలనీ, ఏది మేలో తేల్చుకుంటే చాలుననీ రోగులు అనుకోవడం సహజం. వాటి చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది. తెలుగునాట ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే మొదటి చికిత్స నొప్పి కబురును మోసే నాడితో వ్యవహరిస్తుంది. కాంతిచికిత్స ఆ కబురు పుట్టిన చోట, అంటే దెబ్బతిన్న కణంలో, మార్పు తేవడానికి ప్రయత్నిస్తుంది.

నొప్పిపై విద్యుత్ ప్రయోగం విద్యుత్తుకు పేరు పెట్టకముందే మొదలైంది. రోమన్ చక్రవర్తి క్లాడియస్ కాలపు వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, క్రీ.శ. 47 ప్రాంతంలో కూర్చిన ఔషధ గ్రంథంలో, కీళ్లవాతంతో బాధపడేవారు తడిసిన సముద్రతీరాన నిలబడి, విద్యుత్తును పుట్టించే టార్పెడో చేపను ప్రాణంతో ఉండగానే పాదం కింద ఉంచుకొని, మోకాలి దాకా తిమ్మిరెక్కేవరకు కదలకుండా ఉండాలని సూచించాడు. ఆ తిమ్మిరికి కారణమేమిటో అతనికి తెలియదు. అయినా నొప్పిని మరో స్పర్శ కప్పివేయగలదన్న పరిశీలన, రెండువేల ఏళ్ల తర్వాత శాస్త్రం ఇచ్చిన వివరణకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంది. 1791లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్వానీ, విద్యుత్తుతో కప్ప కాళ్లు ముడుచుకొన్న ప్రయోగాలను ప్రకటించడంతోనూ, 1855లో ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ తడి ఎలక్ట్రోడ్లతో ఒక్కొక్క కండరాన్ని విడిగా ముడుచుకొనేట్టు చేసే పద్ధతిని గ్రంథస్థం చేయడంతోనూ ఈ విద్య మరో దారి పట్టింది. మోకాలి శస్త్రచికిత్స తర్వాత బలహీనపడిన తొడ కండరాన్ని విద్యుత్తుతో పని చేయించే నేటి పద్ధతి ఆ దారికి చెందినదే. నొప్పి తగ్గించడం దాని ప్రధాన లక్ష్యం కాదు కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టరాదు.

నొప్పి వైపు దారి 1965లో తెరుచుకుంది. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ఆ ఏడాది ప్రతిపాదించిన ద్వార నియంత్రణ సిద్ధాంతం ప్రకారం, నొప్పి కబురు మెదడుకు చేరేముందు వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటును దాటవలసి ఉంటుంది. స్పర్శను మోసే లావాటి నాడీతంతువులు చురుకైనప్పుడు ఆ ద్వారం కొంత మూసుకుంటుంది. దెబ్బ తగిలిన చోటును ఎవరూ నేర్పకుండానే మనిషి చేత్తో రుద్దుకోవడానికి ఈ సిద్ధాంతంలో అర్థం దొరుకుతుంది. 1967లో వాల్, నాడీ శస్త్రవైద్యుడు విలియం స్వీట్‌తో కలిసి, కంటికింద ఉండే నాడిపై ముందు తమ మీద తామే విద్యుత్ ప్రయోగం చేసుకొని, తర్వాత తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పి ఉన్న ఎనిమిది మందిని పరీక్షించగా, వారిలో నలుగురికి రెండు నిమిషాల ప్రేరణతో అరగంటకు పైగా ఉపశమనం కలిగింది. అదే ఏడాది నాడీ శస్త్రవైద్యుడు నార్మన్ షీలీ, నొప్పి తగ్గించడానికి ఒక రోగి వెన్నుపాము వద్ద ఎలక్ట్రోడ్‌ను అమర్చాడు. అటువంటి అమరిక ఎవరికి ఉపకరిస్తుందో ముందుగా తెలుసుకోవడానికి చర్మంపైనే విద్యుత్తును ప్రయోగించి చూసేవారు. ఆ ముందస్తు పరీక్షే చాలామందికి చికిత్సగా సరిపోవడంతో ‘టెన్స్’ అనే పద్ధతి స్థిరపడింది.

కాంతికి ఇంత సూటి వంశవృక్షం లేదు. ఫారో దీవుల్లో 1860లో పుట్టి, జీవితంలో ఎక్కువ భాగం అనారోగ్యంతోనే గడిపిన నీల్స్ ఫిన్సెన్, కార్బన్ ఆర్క్ దీపపు కాంతిని కటకాలతో కేంద్రీకరించి, ముఖాన్ని తినివేసే చర్మక్షయను నయం చేసి, 1903లో నోబెల్ బహుమతి అందుకొని, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. సూక్ష్మజీవులను ప్రధానంగా అతినీలలోహిత కిరణాలే చంపుతున్నాయని లోకం చాలాకాలం నమ్మింది. శతాబ్దం గడిచాక, 2005లో, డెన్మార్క్ పరిశోధకులు ఆ పాత కటకాలనే పరీక్షించి, పొట్టి తరంగాల అతినీలలోహిత కాంతి వాటిని దాటలేదనీ, క్షయక్రిమిలోని పోర్ఫిరిన్లనే పదార్థాలు ఊదారంగు ప్రాంతపు కాంతిని గ్రహించి, క్రిమిని చంపగల చురుకైన ఆక్సిజన్‌ను పుట్టించి ఉండవచ్చుననీ చూపారు. చికిత్స నిజమై, దాని వివరణ పొరపాటు కావచ్చునన్న ఈ పాఠం కాంతిచికిత్స చరిత్ర అంతటికీ వర్తిస్తుంది. ఫిన్సెన్ తర్వాతి దశాబ్దాల్లో సూర్యకాంతి చికిత్సపై కలిగిన ఉత్సాహం భారతదేశానికీ చేరి, 1933లో జామ్‌నగర్‌లో సూర్యుని వెంట తిరిగే చికిత్సాలయం వెలిసింది.

అయితే నేటి లేజరు చికిత్స ఫిన్సెన్‌కు వారసురాలు కాదు. అతని కాంతి క్రిమిని చంపేది, నేటి కాంతి కణాన్ని ప్రేరేపించాలని చూస్తుంది. దాని పుట్టుక 1967 నాటి బుడాపెస్ట్‌లో ఉంది. క్యాన్సర్‌తో లేజరుకు గల సంబంధాన్ని పరిశీలిస్తున్న ఎండ్రె మెస్టర్, బొచ్చు గొరిగిన ఎలుకల చర్మంపై తక్కువ శక్తి గల కాంతిని ప్రసరింపజేయగా, కాంతి తగిలిన ఎలుకలకు బొచ్చు త్వరగా మొలిచింది. వెతికింది ఒకటి, దొరికింది మరొకటి కావడంతో, ఫలితం ముందు కనిపించి, కారణం కోసం అన్వేషణ తర్వాత మొదలైంది. రష్యా శాస్త్రజ్ఞురాలు టీనా కారు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఎరుపు, పరారుణ కాంతిని గ్రహిస్తుందని వివరించారు. అదే అసలు కారణమా అన్న చర్చ ఇంకా ముగియలేదు.

పరీక్షల ఫలితాలూ ఈ రెండు స్వభావాలకు తగ్గట్టే ఉన్నాయి. 381 ప్రయోగాలను క్రోడీకరించిన 2022 నాటి సమీక్షలో, టెన్స్ నడుస్తున్నప్పుడూ ఆపిన వెంటనేనూ నొప్పి తగ్గుతున్నట్టు తేలింది. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ మాత్రం 2016లో నడుమునొప్పికి దాన్ని వాడవద్దని చెప్పింది. కాంతి విషయంలో, 16 ప్రయోగాలపై 2009లో వైద్య పత్రిక లాన్సెట్ ప్రచురించిన సమీక్ష, దీర్ఘకాలిక మెడనొప్పిలో చికిత్స ముగిశాక 22 వారాల వరకు ఉపశమనం నిలిచినట్టు పేర్కొంది. క్యాన్సర్ చికిత్సలో నోరు పుండై మింగలేకపోయే రోగులకు కాంతిచికిత్స చేసే మేలును మరింత గౌరవించాలి. ఆ పుండ్లను నివారించడానికి ఈ పద్ధతిని వాడవచ్చునని నైస్ 2018లో అంగీకరించింది.

ఈ తూకంలో తరచు మరుగున పడే తేడా ఒకటుంది. విద్యుత్తు జివ్వుమని తెలుస్తుంది కాబట్టి ఉత్తుత్తి చికిత్సతో పోల్చి దాని నిజబలాన్ని కొలవడం కష్టమైనా, మోతాదు చాలకపోతే ఆ మాట రోగే చెప్పగలడు. తక్కువ శక్తి లేజరు చర్మానికి తెలియదు కాబట్టి పోలిక సులువైనా, తరంగదైర్ఘ్యమో శక్తో తప్పితే రోగికీ చికిత్సకుడికీ కూడా తెలియదు. పైగా మోతాదు తగ్గితే ప్రభావం లేకపోవడమూ, మితిమీరితే ఉన్న ప్రభావం సన్నగిల్లడమూ ప్రయోగాల్లో కనిపించాయి. పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా టెన్స్ జోలికి పోరాదు. లేజరు ముందు కూర్చునేవారు, కిరణం కనిపించినా కనిపించకపోయినా, ఆ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలు ధరించాలి.