ఉత్తరాంధ్ర కొండదారులు - మార్గదర్శక సాధనాలు: కొలతగొలుసు నుంచి మోటారుసైకిలు హ్యాండిల్ వరకు

వ్యాససంగ్రహం:

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కొండదారుల్లో ప్రయాణికునికి దారి చూపిన సాధనాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థానికుల గుర్తులు, సర్వే పటాలు, ఉపగ్రహ సంకేతాలు అనే మూడు దశలను వివరించి, నేడు కొండబాటల్లో నడిచే మోటారుసైకిలుకు మార్గదర్శక పరికరాలను ఎంచుకొనే, అమర్చే పద్ధతిని ఆ చరిత్ర వెలుగులో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉత్తరాంధ్ర, సర్వే పటాలు, గెడ్డ, గూడ, ఉపగ్రహ మార్గదర్శనం, ఫీడర్ అంబులెన్స్.

1. ఉపోద్ఘాతం

సీతంపేట, పాచిపెంట, కొమరాడ వంటి మండలాల్లో తారురోడ్డు ముగిసిన చోట ప్రయాణం ముగియదు. అక్కడి నుంచి గూడెం వరకు కాలిబాట ఉంటుంది. ఆ బాట మీద జీపు వెళ్లలేని చోటికి కూడా మోటారుసైకిలు వెళ్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతాల కోసం 122 ఫీడర్ అంబులెన్సులను ప్రవేశపెట్టడానికి కారణం ఇదే. మోటారుసైకిలుకు రోగిని తీసుకువెళ్లే అమరికను జోడించి, 108 వాహనం నిలిచే చోటికి చేర్చడం వీటి పని. డోలీ మోతకు ప్రత్యామ్నాయంగా వచ్చిన ఈ వాహనానికి ఇంధనం ఎంత అవసరమో, సరైన దారి తెలియడమూ అంతే అవసరం. గెడ్డ దగ్గర తప్పు మలుపు తిరిగితే పోయేది రోగి కాలం. కనుక కొండదారిలో దారి చూపే సాధనాన్ని విహారయాత్రికుల సరదా వస్తువుగా మాత్రమే చూడటం సరికాదు.

2. స్థలనామాలే తొలి పటాలు

పటాలు రాకముందు ఈ ప్రాంతంలో ఊరిపేరే దారి చెప్పేది. ఉత్తరాంధ్ర తెలుగులో కొండవాగును 'గెడ్డ' అంటారు. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ అనే పేర్లు జలాశయాల పేర్లుగా నేటికీ నిలిచి ఉన్నాయి. ఆమదాలవలస, జియ్యమ్మవలస వంటి పేర్లలోని 'వలస' జనం తరలివచ్చి స్థిరపడిన చోటును సూచిస్తుంది. కొండమీది ఆవాసాల పేర్లలో 'గూడ' తరచుగా కనిపిస్తుంది. "గెడ్డ దాటి, గట్టు ఎక్కితే గూడ" అన్న మాటలో నీరు, ఎత్తు, నివాసం మూడూ వరుసగా ఉన్నాయి. అది మౌఖికమైన పటం.

అయితే ఈ పటం ఆ భాష తెలిసినవారికే అందుతుంది. సవరల ఆవాసాలకు సవర భాషలో ఒక పేరు, తెలుగులో మరొక పేరు ఉండవచ్చు. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. స్థానిక నామాన్ని స్థానికుల ఉచ్చారణతోనే నమోదు చేయాలన్న సూత్రం దారి వెతికేవారికి కూడా వర్తిస్తుంది.

3. కొలత నుంచి నియంత్రణ వరకు

1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే తరువాతి దశాబ్దాల్లో దేశమంతటా విస్తరించింది. ఆ మహాసర్వేకు అవసరమైన ఆధారరేఖల్లో ఒకదానిని 1862లో విశాఖపట్నం ప్రాంతంలో కొలిచారు. నేలమీద ఒక రేఖను అతిసూక్ష్మంగా కొలిచి, కొండశిఖరాల మధ్య కోణాలను థియోడలైటుతో గుర్తించి, మిగిలిన దూరాలను గణితంతో సాధించడం దీని పద్ధతి. ఆ విధంగా ఈ ప్రాంతపు కొండలు దేశపటంలో కొలత స్థానాలయ్యాయి. అయితే శిఖరం ఎక్కడుందో చెప్పే కొలత, శిఖరం కింది గూడేనికి ఏ కాలిబాట పోతుందో తనంతట తాను చెప్పదు.

స్వాతంత్ర్యానంతరం సర్వే ఆఫ్ ఇండియా ముద్రించిన 1:50,000 స్కేలు పటాల్లో వాగులు, ఎత్తురేఖలు, కాలిబాటలు చాలావరకు చేరాయి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు 65 ఎన్ విభాగంలో, పలాస 74 బి విభాగంలో వస్తాయి. కాని రక్షణ కారణాల వల్ల సముద్రతీరం నుంచి సుమారు 80 కిలోమీటర్ల మేర సవివర పటాలు చాలాకాలం నియంత్రిత జాబితాలో ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా దాదాపు పూర్తిగాను, విజయనగరం జిల్లాలో అధికభాగమూ ఈ పరిధిలోకే వస్తాయి. ఫలితంగా తమ ఊరి పటం తమకే సులభంగా దొరకని స్థితి ఏర్పడింది. 2005 జాతీయ పటవిధానం పౌరుల వినియోగానికి ప్రత్యేక పటశ్రేణిని ఏర్పరచింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు పటసమాచార సేకరణకు, ప్రచురణకు ఉన్న అనుమతుల భారాన్ని బాగా తగ్గించాయి.

4. ఉపగ్రహ దశ

దారి తప్పిన అనుభవమే ఒక ప్రపంచప్రసిద్ధ పందేనికి మూలమైంది. 1977లో లిబియా ఎడారిలో మోటారుసైకిలుపై దారి తప్పిన థియెరీ సబీన్ 1978 డిసెంబరు 26న తొలి పారిస్-డాకర్ ర్యాలీని ప్రారంభించాడు. ఇటువంటి ర్యాలీల్లో హ్యాండిల్ ముందు బిగించిన పెట్టెలో కాగితపు చుట్టను తిప్పుకుంటూ, దూరమాపకంతో సరిచూసుకుంటూ వెళ్లే 'రోడ్‌బుక్' పద్ధతి స్థిరపడింది. "ఇన్ని కిలోమీటర్లకు వాగు, అక్కడ ఎడమకు" అనే ఆ వరుసక్రమం మన గెడ్డ-గట్టు వర్ణనకు దగ్గరిది.

2000 మే 1న అమెరికా తన జీపీఎస్ సంకేతాల్లో ఉద్దేశపూర్వకంగా కలిపిన దోషాన్ని తొలగించింది. దానితో సామాన్యుని పరికరం కూడా కొద్ది మీటర్ల తేడాతో స్థానం చెప్పగలిగింది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి మొదటి ఉపగ్రహాన్ని ప్రయోగించడంతో భారతదేశపు సొంత వ్యవస్థ 'నావిక్' నిర్మాణం మొదలైంది. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన మీటియర్ బండికి 'ట్రిప్పర్' అనే మార్గసూచిని కర్మాగారంలోనే అమర్చింది.

5. ఎంపిక, అమరిక

పై చరిత్ర నుంచి పరికరాల ఎంపికకు కొన్ని సూత్రాలు తేలుతున్నాయి.

మొదటిది, స్థానం వేరు, పటం వేరు. ఫోను టవరు సంకేతం లేకపోయినా ఉపగ్రహ సంకేతంతో స్థానం తెలుస్తుంది. కాని పటం ముందుగా దింపుకొని ఉండకపోతే తెరపై ఖాళీస్థలంలో ఒక చుక్క మాత్రమే కనిపిస్తుంది. కనుక బయలుదేరకముందే ఆ మండలం పటాన్ని, వీలైతే అంతకుముందు వెళ్లినవారు నమోదుచేసిన జాడను ఫోనులో భద్రపరచుకోవాలి. ఇరుకు లోయల్లో, దట్టమైన చెట్ల కింద స్థానం కొంత అటూ ఇటూ కావచ్చునని గుర్తుంచుకోవాలి.

రెండవది, అదురు. ఇంజను కంపనం ఫోను కెమెరాలోని స్థిరీకరణ భాగాన్ని దెబ్బతీయవచ్చని 2021లో యాపిల్ సంస్థే హెచ్చరించింది. అందువల్ల ఫోను పట్టీని నేరుగా హ్యాండిల్‌కు బిగించక, కంపనాన్ని పీల్చే రబ్బరు అమరిక గలదానిని ఎంచుకోవడం మేలు. రాళ్లబాటకే పోయే బండికి, తడికి తట్టుకొనే ప్రత్యేక జీపీఎస్ పరికరం సురక్షితం.

మూడవది, విద్యుత్తు. బ్యాటరీ నుంచి ఛార్జరుకు పోయే తీగలో తగిన ఫ్యూజు ఉండాలి. తాళం తీసినప్పుడు సరఫరా ఆగిపోయేలా కలపాలి. హ్యాండిల్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి తీగ బిగుసుకోవడం లేదని, బ్రేకు, క్లచ్ తీగలకు అడ్డు రావడం లేదని చూడాలి. తెర చూపుకు దగ్గరగా ఉండాలి గాని దారిని కప్పరాదు. తెర చూడవలసి వచ్చినప్పుడు బండి ఆపడం ఉత్తమం.

నాలుగవది, ప్రత్యామ్నాయం. దూరాలు, గెడ్డలు, గూడల పేర్లు వరుసగా రాసిన కాగితం ట్యాంకు మీది సంచిలో ఉండాలి. వానకాలంలో తెర తడిసి వేలికి లొంగనప్పుడు అదే ఆధారం. దిక్సూచిని మాత్రం బండికి దూరంగా నిలబడి చూడాలి. ఇనుము దాని ముల్లును పక్కకు లాగుతుంది.

6. ముగింపు

హ్యాండిల్‌కు బిగించిన పరికరం విలువ దానిలోని పటం విలువను మించదు. ఉపగ్రహం స్థానాన్ని చెప్పగలదు. వానకాలంలో ఏ గెడ్డ పొంగుతుందో, రెండు బాటల్లో ఏది రోగిని తేగలదో ఆ బాటపై నడిచేవారే చెప్పగలరు. 2021 తరువాత పటరచనకు అవకాశం విస్తరించింది గనుక గూడెం యువతే తమ బాటలను తమ భాషలోని పేర్లతో నమోదు చేయవలసిన సమయం వచ్చింది. స్థలనామ పరిశోధకులు, సవర, జాతాపు విద్యార్థులు, ఫీడర్ అంబులెన్సు నడిపేవారు కలిసి ఈ పని చేపడితే అది ఏకకాలంలో భాషాసేవ, ప్రాణరక్షణ కూడా కాగలదు.