మాట మందైన కథ

‘చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది’ అని మనకొక సామెత ఉంది. ఏ సందర్భంలో పుట్టిందో గానీ, ఆడవారి మనోవేదనకు ఇంతకంటే సరిపోయే మాట మరొకటి కనబడదు. ఒంట్లో నలతగా ఉంటే నలుగురికీ చెప్పుకోవచ్చు. మనసులో నలతను ఎవరికి చెప్పాలి? చెబితే వినేవారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానం కోసం వైద్యశాస్త్రం నడిచిన దారి చాలా పొడవైనది. ఆ దారిలో రెండు ముఖ్యమైన మలుపులు మనమున్న ఈ అమెరికాలోనే, అదీ ఒకే నగరంలో, ఫిలడెల్ఫియాలో ఉండటం విశేషం.

గర్భాశయం మీద నింద

ఆడవారి అనేక రుగ్మతలకు గర్భాశయం ఉన్నచోట ఉండక శరీరంలో అటూ ఇటూ తిరగడమే కారణమని ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాలు చెప్పాయి. గ్రీకులో ‘హిస్టెరా’ అంటే గర్భాశయం. ‘హిస్టీరియా’ అన్న పేరు దాని నుంచి వచ్చిందే. మన ఊళ్ళలో ఇదే బాధను ‘గాలి సోకింది’, ‘దయ్యం పట్టింది’ అన్నారు. అక్కడ గర్భాశయం, ఇక్కడ దయ్యం. నింద దేనిమీద వేసినా, ‘అమ్మా, నీ బాధ ఏమిటి?’ అని ఆమెనే అడగాలన్న ఆలోచన మాత్రం చాలాకాలం ఎవరికీ రాలేదు. అమెరికన్ మనోవైద్యుల సంఘం తన వ్యాధుల పట్టిక నుంచి హిస్టీరియా పేరును తొలగించింది 1980లో. అంటే మన తరం చూస్తుండగానే!

మాట్లాడవద్దన్న వైద్యం

డాక్టర్ సైలస్ వెయిర్ మిచెల్ ఫిలడెల్ఫియాలో పేరుమోసిన నరాల వైద్యుడు. అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేసిన గొప్ప శాస్త్రజ్ఞుడు. ఆడవారి నిస్పృహకు ఆయన 1870లలో ‘విశ్రాంతి చికిత్స’ను రూపొందించాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచం దిగకూడదు. అయినవారెవరూ చూడటానికి రాకూడదు. పాలు, కొవ్వు పదార్థాలు బాగా తినాలి. చదవకూడదు, రాయకూడదు. అదే మగవారి విషయానికి వస్తే ఆయన సలహా మారిపోయేది. ఓవెన్ విస్టర్ అనే యువకుడిని 1885లో పడమటి రాష్ట్రమైన వయోమింగ్‌కు వెళ్ళి ఆరుబయట తిరిగి రమ్మన్నాడు. ఆ అనుభవంతోనే విస్టర్ తర్వాత ప్రసిద్ధ నవలాకారుడయ్యాడు. మగవాడికి గుర్రం, ఆడదానికి మంచం!

1887లో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే 26 ఏళ్ళ తల్లి మిచెల్ దగ్గరకు వచ్చింది. రెండేళ్ళ క్రితం బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆమెకు తీరని దిగులు. చికిత్స ముగించి పంపేటప్పుడు, ఇంటిపట్టునే ఉండమనీ, బతికినంతకాలం కలం పట్టవద్దనీ ఆయన చెప్పాడు. దాదాపు మూడు నెలలు ఆ మాట పాటించేసరికి మతి తప్పేంత వరకూ వచ్చిందని ఆమె తర్వాత రాసుకుంది. ఆ సలహా వదిలేసి మళ్ళీ కలం పట్టాకే కోలుకుంది. 1892లో అచ్చయిన ఆమె కథ ‘ద ఎల్లో వాల్‌పేపర్’ నేటికీ అమెరికా కళాశాలల్లో పాఠం.

వినడం మొదలైంది

ఆ రోజుల్లోనే వియన్నాలో బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతి, జబ్బుపడిన తండ్రికి సేవ చేస్తూ తానూ మంచాన పడింది. కాళ్ళూ చేతులూ చచ్చుబడేవి. మాతృభాష జర్మన్ మరచిపోయి ఇంగ్లీషే మాట్లాడేది. 1880 చివరి నుంచి 1882 వేసవి వరకు డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ ఆమెకు వైద్యం చేశాడు. ఆయన చేసిన కొత్త పని ఒక్కటే: కూర్చుని విన్నాడు. చెప్పుకున్నకొద్దీ భారం తగ్గుతున్నట్టు ఆమే కనిపెట్టి, దానికి ‘మాటల చికిత్స’ అని ఇంగ్లీషులో పేరు కూడా తనే పెట్టింది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి రాసిన గ్రంథంలో ‘అన్నా ఓ’ అన్న మారుపేరుతో ఉన్నది ఈమే.

నిజానికి ఆమెకు అప్పుడే పూర్తిగా నయం కాలేదు. తర్వాత కూడా కొన్నేళ్ళు ఆరోగ్య నిలయాల చుట్టూ తిరిగింది. కానీ అక్కడితో ఆగలేదు. అనాథ బాలికల ఆశ్రమం నడిపింది, 1904లో జర్మనీ యూదు మహిళల సంఘాన్ని స్థాపించింది. 1954లో పశ్చిమ జర్మనీ ఆమె పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది. మనోచికిత్సకు పునాది వేసింది వైద్యులేనని అనుకుంటాం. ఆ పునాదిలో మొదటి రాయి ఒక రోగిది.

మళ్ళీ ఫిలడెల్ఫియాలో

మిచెల్ నోరు మెదపవద్దన్న నగరంలోనే, 1960లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరన్ బెక్ ఒక కొత్త పద్ధతి రూపొందించాడు. దిగులులో ఉన్నవారి మనసులో ‘నేను దేనికీ పనికిరాను’ వంటి తలపులు వాటంతటవే వస్తుంటాయి. ఆ తలపును కాగితం మీద పెట్టి, ‘దీనికి రుజువేమిటి?’ అని రోగీ వైద్యుడూ కలిసి పరీక్షిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మాబోటివారికి ఇది డీబగ్గింగ్‌లా కనిపిస్తుంది.

దాదాపు అదే కాలంలో జెరాల్డ్ క్లెర్మన్, మైర్నా వైస్మన్ మరో పద్ధతి తయారుచేశారు. ఆత్మీయులను పోగొట్టుకోవడం, దగ్గరివారితో తగాదా, జీవితంలో పెద్ద మార్పు, ఒంటరితనం – దిగులు వీటిలో దేనితో ముడిపడిందో చూసి అక్కడ సరిచేసుకోవడమే దాని సారాంశం. పెళ్ళయి, ఉద్యోగం మానుకుని, సముద్రాలు దాటి వచ్చిన మన ఆడపడుచులకు ఈ నాలుగింటిలో రెండు మూడు ఒకేసారి ఎదురవుతాయని వేరే చెప్పాలా?

పక్కింటి అక్క చాలు

అన్ని ఊళ్ళకూ మనోవైద్యులు ఎక్కడి నుంచి వస్తారు? బ్రిటన్‌లో బాలింతల ఇళ్ళకు వెళ్ళే ఆరోగ్య సందర్శకులకు, ఓపికగా వినడంలో కొద్దిపాటి శిక్షణ ఇచ్చి చూశారు. 1989లో వెలువడిన ఆ పరిశోధనలో, వారానికొకసారి చొప్పున ఎనిమిదిసార్లు మాట్లాడిన 26 మంది తల్లులలో 18 మంది కోలుకున్నారు. అలాంటి సాయం అందని 24 మందిలో కోలుకున్నది తొమ్మిది మందే.

అంతకంటే పెద్ద ప్రయత్నం పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో జరిగింది. డాక్టర్ ఆతిఫ్ రహ్మాన్ బృందం, మన ఆశా కార్యకర్తల వంటి గ్రామీణ మహిళలకు బెక్ పద్ధతిని తేలిక భాషలో నేర్పింది. వారు ‘మీకు మానసిక జబ్బు’ అనలేదు. ‘బిడ్డ బాగుండాలంటే తల్లి బాగుండాలి’ అన్నారు. అత్తగారినీ భర్తనూ కూడా కలుపుకున్నారు. 2008లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆరు నెలలకు ఈ సాయం అందిన తల్లులలో 23 శాతం మందిలో దిగులు మిగిలి ఉంటే, అందనివారిలో 53 శాతం మందిలో ఉంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పాఠాలను పుస్తకంగా వెలువరించింది.

మన ఇళ్ళ సంగతి

మన సంప్రదాయంలో బాలింతకు పుట్టింట్లో నూనె అంటి వేడినీళ్ళ స్నానం, కాయం, పథ్యం. వీటన్నిటికంటే మించినది, చుట్టూ పదిమంది ఆడవాళ్ళ కబుర్లు. పేరు తెలియకపోయినా అదీ ఒక మాటల చికిత్సే. ఇక్కడ అమ్మో అత్తగారో విజిటర్ వీసా మీద వచ్చి, ఆరు నెలలు తిరగకుండానే వెళ్ళిపోతారు. భర్త ఆఫీసుకు, బయట మంచు, ఒళ్ళో బిడ్డ. ఇండియా నుంచి ఫోన్ వస్తే ‘బానే ఉన్నాం’ అన్న మాట.

కాన్పు తర్వాత ఏడుపు, దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుతో చెప్పాలి. కొందరికి మాటతోపాటు మందులూ కావాలి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. మతి చలించినట్టుగా ఉన్నా, తననో బిడ్డనో ఏమైనా చేసుకోవాలనిపించినా అది అత్యవసర వైద్యం కావలసిన స్థితి, క్షణం ఆలస్యం చేయకూడదు. అమెరికాలో 2022లో తల్లుల కోసమే ఒక జాతీయ సహాయవాణి మొదలైంది: 1-833-852-6262. అదే ఏడాది భారత ప్రభుత్వం 14416 నంబరుతో ప్రారంభించిన టెలి మానస్‌లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

గిల్మన్‌ను మాట్లాడవద్దన్నవాడు చెడ్డవాడు కాదు, తన కాలంలో మహా మేధావి. ఆయన చేయనిది వినడం ఒక్కటే. మన సంఘాలు పాటల పోటీలకూ, క్రికెట్‌కూ కమిటీలు వేస్తాయి, సంతోషమే. ప్రతి ఊళ్ళోనూ కొత్తగా తల్లులైనవారి ఇంటికి వారానికొకసారి వెళ్ళి, ఒక కారియర్ అన్నం ఇచ్చి, గంటసేపు కూర్చుని వినే నలుగురు అక్కలను కూడా చేర్చుకుంటే, ‘చెప్పకపోతే ప్రాణం పోతుంది’ అన్న సామెత పాతబడిపోతుంది. పాతబడాల్సిన సామెతే అది.