పెండ్లి ఆల్బమ్‌లో అమ్మ ఎక్కడ?

పోయిన మాఘమాసంలో మా పాప పెండ్లి చేశాం. కల్యాణ మంటపం, వంటవాళ్ళు, మేళం అన్నీ పదిహేను రోజుల్లో కుదిరిపోయాయి. ఫోటోగ్రాఫర్ కుదరడానికే నెలన్నర పట్టింది. "ఎవరైతే ఏమి, అందరూ బాగానే తీస్తారు కదా" అని మా ఆయన విసుక్కున్నారు. నేను మాత్రం ఆదోని, గుంతకల్లు, బళ్ళారి మూడు ఊర్లూ తిరిగాను. అంత పట్టుదల ఎందుకో మీకు అర్థం కావాలంటే మా ఇంట్లో నాలుగు తరాల పెండ్లి ఫోటోల లెక్క చెప్పాలి. జేజి పెండ్లికి సున్నా. అమ్మ పెండ్లికి పన్నెండు. నా పెండ్లికి రెండు వందల చిల్లర. పాప పెండ్లికి నాలుగు వేల పైన.

జేజి పెండ్లి నాటికి మా ఆలూరు, మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. కాగితం మీద విడిపోయినా మా ఊర్లో పెండ్లి బట్టలకి ఇప్పటికీ చాలామంది బళ్ళారి బస్సే ఎక్కుతారు. జేజి కాలంలో ఫోటో కావాలన్నా అట్లా పట్నం పోవాల్సిందే. వాన చూసుకుని పంట, పంట చూసుకుని పెండ్లి చేసే కరువు సీమలో ఫోటో కోసం ఎవరు పోతారు? పైగా ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని జేజి చివరిదాకా నమ్మింది.

నిజానికి అప్పటికే ఫోటో పుట్టి వందేళ్ళు దాటింది. 1839లో ప్యారిస్‌లో డాగెర్ కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడి చేశారు. 1856కల్లా మద్రాసులో ఫోటోగ్రాఫర్లకు ఒక సంఘమే ఉంది. కానీ పెండ్లిని ఫోటో తీయడం మొదట్లో రాణులకు కూడా కుదరలేదు. విక్టోరియా రాణి పెండ్లి 1840లో జరిగింది, దానికి ఒక్క ఫోటో లేదు. పద్నాలుగేళ్ళ తర్వాత, 1854లో, రోజర్ ఫెంటన్ అనే ఆయన రాణినీ భర్తనూ నిలబెట్టి తీసిన ఫోటోలనే చాలామంది పెండ్లి ఫోటోలనుకుంటుంటారు.

ఎందుకు కుదరలేదంటే, ఆ కెమెరాల ముందు కదలకుండా ఉండాలి, మంచి వెలుతురు ఉండాలి. మన పెండ్లిలో కదలకుండా ఉండేది ఎవరు చెప్పండి! అందులోనూ మన ముహూర్తాలు చాలా వరకు రాత్రిపూటే. 1887లో జర్మనీలో మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పొడి వచ్చింది. దాన్ని వెలిగిస్తే మెరుపు, పొగ. తలవాలు పోసే చోట ఆ పొగ ఊహించుకోండి. అందుకే చాలా ఏళ్ళు పెండ్లి ఫోటో అంటే పెండ్లి అయిపోయాక స్టూడియోకి పోయి, ఆయన కుర్చీలో కూర్చుంటే ఆమె పక్కన నిలబడి తీయించుకునేది.

ఆ స్టూడియోలోకి కూడా అందరు ఆడవాళ్ళూ పోలేరు కదా. ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ పేరు మీరు వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, హైదరాబాదు వచ్చి స్థిరపడిన మనిషి. పరదా పాటించే ఇండ్ల ఆడవాళ్ళు మగ ఫోటోగ్రాఫర్ ముందు కూర్చోరు కాబట్టి 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టారు. నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల పని చేసేది అందరూ ఆడవాళ్ళే. ఆడమనిషి తలెత్తి కెమెరా వైపు చూడాలంటే ఆ కెమెరా వెనక ఎవరున్నారన్నది ముఖ్యం అని నూట ముప్ఫై ఏళ్ళ కిందటే ఒకాయనకు తట్టింది.

అమ్మ పెండ్లి 1969లో. ఫోటోగ్రాఫర్ రెండు కళ్ళ కెమెరా తెచ్చాడంట, కడుపు దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగి చూసేది. అందులో వేసే ఒక రోలుకి పన్నెండే చదరపు ఫోటోలు. అవి నలుపు తెలుపు కాలం. 1960లో కేంద్ర ప్రభుత్వం ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ కంపెనీ పెట్టాక మన దేశంలో తయారైన 'ఇందు' ఫిలిం కూడా దొరికేది. తాత ఒక్క రోలుకే ఒప్పుకున్నాడంట. ఆ పన్నెండులో తాళి కట్టేది ఒకటి, తలవాలు ఒకటి, దంపతులది ఒకటి. మిగతా తొమ్మిదీ కుర్చీలేసుకుని కూర్చున్న పెద్దమనుషులవి! ఆడవాళ్ళు ఫోటో అంచుల్లో సగం సగం ఉన్నారు. అమ్మ ముఖం ఒక్కదాంట్లోనూ పూర్తిగా కనపడదు, తల వంచుకునే ఉంది.

నా పెండ్లి 1993లో. అప్పటికి ముప్ఫై ఆరు ఫోటోల కలర్ రోళ్ళు, వీడియో, దాని వెంట కండ్లు చెదిరే పెద్ద లైటు. ఆల్బమ్ చూసి పదిహేనేళ్ళు మురిసిపోయాను. 2011లో అమ్మ పోయింది. దినానికి దండ వేయడానికి ఫోటో కావాలని ఆ ఆల్బమ్ తీసి వెదికితే రెండు వందల చిల్లరలో అమ్మ ఉన్నది ఒక్క ఫోటోలో. కాళ్ళు కడిగేటప్పుడు నీళ్ళు పోస్తున్న చెయ్యి, గాజులు. ముఖం లైటు పట్టుకున్న పిల్లవాడి భుజం వెనక ఉంది. మిగతా పెండ్లంతా అమ్మ సామాన్ల గదిలో, తాళాలు నడుముకి దోపుకుని, ఓళిగలు లెక్కపెడుతూ ఉండిపోయింది. ఆ రోజు మేము గోడకి పెట్టింది ఓటరు కార్డు ఫోటోని పెద్దది చేయించి. ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది 1993లోనే. నా పెండ్లికి దొరకని ముఖం సర్కారు కార్డులో దొరికింది.

అందుకే పాప పెండ్లికి నేను పోయిన ప్రతి స్టూడియోలోనూ ఒకటే అడిగాను: "సామాన్ల గదిలోకి, వంటల దగ్గరికి వచ్చి తీస్తారా?" ఒకాయన నవ్వాడు. "అక్కడ ఏముంటుంది మేడం, స్టేజీ మొత్తం కవర్ చేస్తాం కదా" అన్నాడు. ఇంకొకాయన డ్రోన్, క్రేన్, ఎల్ఈడీ తెర అన్నీ చెప్పి, ఏరిన ఇరవై ఫోటోలు ఫోన్లో చూపించాడు. ఒక పెండ్లి మొదటినుంచి చివరిదాకా చూపించమంటే లేదన్నాడు. మీరూ ఇది తప్పకుండా అడగండి. ఏరిన ఇరవై ఎవరివైనా బాగుంటాయి. ఎండలో, కరెంటు పోయినప్పుడు, అప్పగింతల గందరగోళంలో ఎట్లా తీశారో మొత్తం పెండ్లి చూస్తేనే తెలుస్తుంది. మాట్లాడిన మనిషే పెండ్లికి వస్తారా, ఇంకెవరినైనా పంపుతారా అనీ అడగండి.

చివరికి ఆదోనిలో భార్యాభర్తలు ఇద్దరూ కెమెరా పట్టే చోట కుదిరింది. నా ప్రశ్న విని ఆ అమ్మాయి నవ్వలేదు. "అక్కా, ఎవరెవర్ని తీయాల్నో లిస్టు రాసివ్వండి. పేర్లు వద్దు, నాకు తెలీవు. ఆ రోజు కట్టుకునే చీర రంగులు రాయండి" అంది. పెండ్లికూతురి గదిలో తనే తీస్తానంది. నాకు జనానా స్టూడియో గుర్తొచ్చింది.

అడ్వాన్సు ఇచ్చేముందు కాగితం మీద కొన్ని రాయించుకున్నాం. ఇది చాలామందికి తెలియదు: 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి మనం తీయించుకున్న ఫోటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, మనదే. అందుకని సంతకం పెట్టే కాగితంలో వేరే ఏమైనా రాసుందా అని చదవాలి. పాపను అడగకుండా తన ఫోటోలు ప్రచారానికి వాడకూడదని రాయించాం. ఒరిజినల్ ఫోటోలన్నీ హార్డ్ డిస్కులో ఎప్పుడిస్తారో తేదీ వేయించాం. పెండ్లి రిజిస్ట్రేషన్‌కి శుభలేఖతో పాటు పెండ్లి ఫోటో కూడా అడుగుతారు కాబట్టి, నాలుగు ప్రింట్లు వారంలోపే ఇవ్వాలన్నాం. మన రాష్ట్రంలో 2002 చట్టంతో పెండ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రేపు ఏ అవసరం వచ్చినా ఆడపిల్ల చేతిలో ఉండాల్సిన కాగితం అది.

లిస్టు నేనే రాశాను. గంధం రంగు చీర, పాప పెద్దత్త. ఆకుపచ్చ గద్వాల, మా చిన్నమ్మ, మోకాళ్ళ నొప్పులు, స్టేజీ ఎక్కలేదు, దగ్గరికి పోయి తీయాలి. బులుగు నేత చీర, వంటల దగ్గర ఉంటుంది, మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా పని చేసే అక్క. పద్నాలుగు మందిని రాశాను. నా చీర రంగు రాయడం మరచిపోయాను.

పెండ్లయిన నెలకి నాలుగు వేల పైన ఫోటోలు వచ్చాయి. ఆల్బమ్‌కి రెండు వందల యాభై ఏరమన్నారు. పాప ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మొదట టిక్కు పెట్టిన ఫోటో చూసి నేను ఉలిక్కిపడ్డాను. సామాన్ల గది. నడుముకి తాళాలు. చేతిలో ఓళిగల బుట్ట. ఎవరో పిలిచినట్టు తలెత్తి చూస్తున్నాను. అచ్చం అమ్మ.

మీ ఆల్బమ్ బీరువాలోనే ఉంటుంది కదా. ఈ సాయంత్రం ఒకసారి తీసి, అందులో మీ అమ్మ ముఖం ఎన్నింట్లో ఉందో లెక్కపెట్టండి. తక్కువుంటే, అమ్మ ఉన్నవాళ్ళు రేపే ఒకటి తీయించండి.