కేసు ఫైలు కన్న నాటకం

కారణం తేలని చావును మన పత్రికలు ‘అనుమానాస్పద మృతి’ అంటాయి. అది కథకుల మాట కాదు, స్టేషన్ రికార్డుల మాట. అమెరికా రేడియోలో పోలీసు నాటకం కూడా అలాంటి రికార్డుల్లోంచే పుట్టిందనీ, డిటెక్టివ్ నవల దానికి దూరపు చుట్టమేననీ నా వాదన. 1949 జూన్ 3న ఎన్‌బీసీలో మొదలైన ‘డ్రాగ్‌నెట్’ అందుకు సాక్ష్యం. దాన్ని రూపొందించి ప్రధాన పాత్ర వేసిన జాక్ వెబ్ అంతకుముందు రేడియోలో మాటకు మాట అప్పజెప్పే ప్రైవేటు డిటెక్టివ్ వేషాలు వేసినవాడే. 1948 నాటి ‘హి వాక్డ్ బై నైట్’ సినిమాలో చిన్న వేషం వేస్తున్నప్పుడు, సలహాదారుగా వచ్చిన లాస్ ఏంజెలెస్ పోలీసు సార్జెంట్ మార్టీ విన్‌తో పరిచయమైంది. ఆ తర్వాత పోలీసు కార్లలో తిరిగి వాళ్ల పనీ మాటతీరూ పట్టుకున్నాడు. అందుకే అతని సార్జెంట్ జో ఫ్రైడే కథ మొదలుపెట్టేది శవంతో కాదు: వారం, తేదీ, వాతావరణం, ఏ విభాగం, ఏ డ్యూటీ, పై అధికారి పేరు. అచ్చం కేసు డైరీ. వినేవాడికి కళ్లు లేవు కనుక అడుగుల చప్పుడు, తలుపు, ఫోను మోత, ఎదురుచూపు, ఇవే దృశ్యాలయ్యాయి. 1949 క్రిస్మస్ ముందు వచ్చిన భాగం చూడండి. ఇద్దరు పిల్లలు కనబడరు. పండక్కి కొని దాచిన .22 రైఫిలూ కనబడదు. చివరికి తేలేది హత్య కాదు: పరుగెడుతూ కాలు తట్టుకుని పడిన పిల్లవాడి చేతిలో తుపాకి పేలింది. హంతకుడే లేని ఈ కథ నవలా సంప్రదాయంలో చెల్లదు, ఫైల్లో చెల్లుతుంది.

పోలీసు కేసులను రేడియోకెక్కించడం వెబ్‌తో మొదలు కాలేదు కదా అనవచ్చు. నిజమే. 1933లోనే ‘కాలింగ్ ఆల్ కార్స్’ అదే లాస్ ఏంజెలెస్ కేసులను వినిపించింది. ఆ తర్వాతి ‘గ్యాంగ్ బస్టర్స్’ సైరన్లు, తుపాకుల మోతతో చెవులు గింగురుమనిపించింది. అయితే వాళ్లు ఫైల్లోంచి సంఘటనను తీసుకున్నారు, వెబ్ ఫైలు నడకనే తీసుకున్నాడు. విసుగు పుట్టించే విచారణనే కథ చేయడం చిన్న ధైర్యం కాదు. ఇదంతా పోలీసుల ప్రచారమేనన్న రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని తోసిపుచ్చలేను. కేసులిచ్చింది ఆ శాఖే, స్క్రిప్టులు చూసి సరేనన్నదీ ఆ శాఖే. పద్ధతి విషయంలో నాటకం నిజమే చెప్పింది. ఆ పద్ధతి పాటించాల్సిన వాళ్ల గురించి మాత్రం తనకు అనుకూలమైనంతే చెప్పింది. 1951 క్రిస్మస్ నాడు లాస్ ఏంజెలెస్ పోలీసులు కస్టడీలో ఉన్న ఏడుగురు యువకులను చితకబాదారు. ఎనిమిది మంది అధికారులపై నేరారోపణ జరిగింది, ఐదుగురు దోషులుగా తేలారు. ఆ ఫైలు ఫ్రైడే బల్ల మీదికి రానే లేదు.